రాబర్ట్ ఓవెన్ : లాభమును సమత్వమును తూచి చూచిన మిల్లు యజమాని

వర్తకుడు తన లాభమును తాను చూచుకొనుట సహజము. ఆ లాభాపేక్షయే లోకమునకు కావలసిన సరకులను చేర్చుచున్నదని స్వేచ్ఛావాణిజ్యవాదులు చెప్పుదురు. ఆ అపేక్షయే పేదవాని నోటికాడి కూడును లాగికొనుచున్నదని సామ్యవాదులు చెప్పుదురు. ఈ వాదమును గ్రంథములలో సాగించినవారు పెక్కురు కలరు. తన సొంత సొమ్మును ఒడ్డి, రెండు పక్షముల సత్యమును తన జీవితముననే తరచి చూచినవారు మాత్రము అరుదు. రాబర్ట్ ఓవెన్ అట్టి అరుదైన వ్యక్తి. నూలుమిల్లుల వలన ధనికుడై, బ్రిటను దేశమున సామ్యవాదమునకు ఆద్యుడని పేరు గాంచి, ఆర్జించిన దానిలో అధికభాగమును తన నమ్మకము కొరకే వెచ్చించి, చివరకు కుమారులు పంపు సొమ్ముతో కాలము గడపిన వాడితడు.

1771వ సంవత్సరము మే 14వ తేదీన వేల్స్ దేశమునందలి న్యూటౌన్ అను చిన్న పట్టణమున ఓవెన్ జన్మించెను. తండ్రి గుర్రపు జీనులు చేసి అమ్ముచు, ఇనుప సామాను దుకాణము నడపుచుండెడివాడు. ఏడుగురు సంతానములో ఇతడు ఆరవవాడు. ఏడేండ్ల ప్రాయము వచ్చునప్పటికే బడిలో తనకంటె చిన్నవారికి పాఠము చెప్పుటలో ఉపాధ్యాయునకు తోడ్పడుచుండెను. పదియేండ్ల వయస్సున ఇల్లు విడిచి లండను నగరమున నున్న అన్నగారి యొద్దకు పోయెను. అటనుండి స్టాంఫర్డు పట్టణమున మెక్‌గఫాగ్ అను బట్టల వర్తకుని యొద్ద పనికి కుదిరెను. ఆ వర్తకుడు సరకు నాణ్యమును దాచక చెప్పి, తగిన లాభము మాత్రమే పుచ్చుకొను స్వభావము కలవాడు. బట్టను చేతితో తడవి పోగు మంచిచెడ్డలు గుర్తించు నేర్పు ఓవెన్‌కు అచ్చటనే అలవడెను. తీరిక వేళల యజమాని ఇంటిలోని పుస్తకములను చదువుకొనెడివాడు. అతని చదువంతయు ఇంతియే.

అనంతరము ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునకు చేరెను. అది నూలు యంత్రముల కాలము. రాట్నముపై ఒక కదురు తిరుగుచోట యంత్రముపై వందల కదుళ్ళు తిరుగసాగెను. అన్నగారి యొద్ద నూరు పౌండ్లు అప్పు తెచ్చి, జోన్స్ అను యంత్రకారునితో పొత్తు కలిపి, నూలు వడకు యంత్రములను చేయించి అమ్మెను. తరువాత ఆ పొత్తు విడిచి మూడు యంత్రములతో తానే నూలు తీయించెను. 1792లో డ్రింక్‌వాటర్ అను సంపన్నుని మిల్లునకు నిర్వాహకుడు కావలసివచ్చెను. ఇరువది యేండ్ల ఓవెన్ పోయి ఏడాదికి 300 పౌండ్ల జీతము కోరెను. అంత చిన్నవాడు అంత జీతము కోరుట యజమానికి వింతగా తోచెను గాని, అతని లెక్కలు చూచి పని ఇచ్చెను. అయిదువందల మంది పనివారు అతని చేతి క్రిందికి వచ్చిరి. ఆరు వారముల పాటు ఓవెన్ ఎవరికిని ఒక్క ఆజ్ఞయైనను ఇయ్యక, ఉదయము అందరికంటె ముందు వచ్చి, రాత్రి అందరికంటె వెనుక పోవుచు, ప్రతి యంత్రమును ప్రతి మనిషిని గమనించి, ఆపైననే పని మొదలు పెట్టెను. స్వల్పకాలములోనే అతని నూలునకు బజారులో మేలైన ధర పలికెను.

ఓవెన్ నాలుగేండ్ల బాలుడుగా నున్నప్పుడు, 1776లో, ఆడం స్మిత్ పండితుని దేశసంపద గ్రంథము వెలువడెను. ఎవరి లాభమును వారు చూచుకొన్నచో అందరికిని మేలు కలుగునను సారాంశమును మిల్లు యజమానులు ఆ గ్రంథమునుండి గ్రహించి, దానినే వేదవాక్యముగా వల్లించిరి. యజమానులు కూడబలికికొని కూలి తగ్గింతురనియు, పనివారికి మేలు చేయు శాసనము న్యాయమైనదేననియు ఆ పండితుడే అదే గ్రంథమున వ్రాసిన సంగతిని వారు మరచిరి. సగము చదివిన గ్రంథము వలన కలుగు కీడు అసలు చదువనివాని వలన కూడ కలుగదు.

వర్తకము పనిమీద స్కాట్లండులోని గ్లాస్గో నగరమునకు పోవుచు వచ్చుచు ఓవెన్ అచ్చటి డేవిడ్ డేల్ అను సంపన్నుని కుమార్తె కారొలైనును ప్రేమించెను. క్లైడ్ నదీ జలపాతముల చెంత న్యూ లానార్క్ గ్రామమున డేల్ స్థాపించిన నూలుమిల్లులు కలవు. జలశక్తితో అవి నడచెడివి. ఓవెన్ తన భాగస్వాములతో కలసి వానిని 60,000 పౌండ్లకు బేరమాడెను. ఏటికి 3,000 చొప్పున ఇరువది యేండ్లలో చెల్లింపవలెనని ఒప్పందము. 1799 సెప్టెంబరులో వివాహము జరిగెను. 1800 జనవరి 1వ తేదీన మిల్లుల నిర్వహణమును స్వీకరించెను.

ఆ గ్రామమున సుమారు రెండువేల మంది జనులు. అందు అయిదువందల మంది ఎడింబరో, గ్లాస్గో నగరముల అనాథశాలలనుండి తెచ్చిన పిల్లలు. అయిదారేండ్ల పసివారు ఉదయము ఆరు గంటలనుండి రాత్రి ఏడు గంటల వరకు యంత్రముల నడుమ తిరుగుచు తెగిన దారములను అతుకుచుండిరి. డేల్ దయాళువు. పిల్లలకు మంచి తిండి, శుభ్రమైన పడక, రాత్రిబడి ఏర్పాటు చేసియుండెను. కాని పదమూడు గంటలు నిలుచున్న పసివానికి రాత్రి అక్షరము కంటికి ఆనదు గదా! పెద్దవారిలో త్రాగుడు, దొంగతనము, కలహములు మిక్కుటము. పరాయిదేశపు యజమానిని వారు మొదట నమ్మలేదని ఓవెనే చెప్పుకొనెను.

అతడు అనాథశాలల పిల్లలను తెచ్చుట మానెను. పదియేండ్లు నిండని వారిని పనిలోనికి తీసికొనలేదు. ఇండ్లకు అదనపు గదులు కట్టించెను, వీథులు శుభ్రపరపించెను. గ్రామములోని చిల్లర దుకాణములలో నాసి సరకును అరువుపై హెచ్చుధరకు అమ్ముచుండిరి. ఓవెన్ మంచి సరకును టోకున కొనితెచ్చి, కొన్న ధరపై స్వల్పముగ చేర్చి అమ్మించెను. ఆ స్వల్పలాభమును బడికి ఖర్చుపెట్టెను. పనివారి కూలిలో అరువదవ వంతు పక్కకు తీసి, రోగులకును వృద్ధులకును నిధి ఏర్పరచెను.

కొట్టుట, తిట్టుట నిషేధించెను. వానికి బదులు ప్రతి పనివాని చెంత నాలుగు పలకల చిన్న కొయ్య నొకదానిని వ్రేలాడదీయించెను. నలుపు, నీలము, పసుపు, తెలుపు అను నాలుగు రంగులు దానికి కలవు. ముందునాటి పని చెడ్డదైనచో నల్లనిదియు, మిక్కిలి మంచిదైనచో తెల్లనిదియు, నడిమి తరగతులకు తక్కిన రెండు రంగులును ముందునకు తిరిగి కనబడును. యజమాని ఏమియు పలుకక దారి వెంట చూచుచు పోవును. తీర్పు అన్యాయమని తోచిన పనివాడు ఓవెన్‌తో మొరపెట్టుకొనవచ్చును. మొదట నల్లరంగు ఎక్కువగ కనబడి, క్రమముగ పసుపు తెలుపులు హెచ్చెనట. ఈనాటి పాఠకునకు ఈ పద్ధతి అవమానకరముగ తోచవచ్చును. బెత్తముకంటె ఇది మేలే గాని, పనివాడు తన యజమానికి ఏ రంగు చూపవలెనో చెప్పు కొయ్య ఒక్కటైనను ఆ మిల్లులో లేదు. ఓవెన్ పనివారికి మేలు చేసెను గాని, వారిని అడిగి చేయలేదు. ఈ లోపము అతనిని జీవితాంతము విడువలేదు.

మరియొక సంగతి కూడ దాచరానిది. ఆ మిల్లులకు వచ్చిన అమెరికా పత్తిని ఏరినవారు బానిసలు. క్లైడ్ ఒడ్డున ఇంత శ్రద్ధతో తూచబడిన న్యాయము ఆ పత్తిచేల వరకు పోలేదు.

గ్రామస్థుల మనస్సు మారుటకు కారణము ఉపన్యాసములు కావు. బ్రిటనుతో వైరము వచ్చి అమెరికా తన సరకుల ఎగుమతిని నిలిపినప్పుడు పత్తిధర విపరీతముగ పెరిగెను. తక్కిన మిల్లులు మూతబడి పనివారు వీథిన పడిరి. ఓవెన్ కూడ యంత్రములను ఆపెను. కాని నాలుగు నెలల పాటు, యంత్రములను తుడిచి నూనె పెట్టుట తప్ప వేరు పని లేకున్నను, ఒక్కరిని తొలగింపక పూర్తి కూలి చెల్లించెను. అందులకు ఏడువేల పౌండ్లకు పైగ వ్యయమయ్యెను. అది దానమని కొందరందురు. నేర్పరులైన పనివారు చెదరిపోకుండుట మిల్లునకును లాభమే. రెండును ఒకచోట కలసిన ఘట్టమది.

భాగస్వాములకు ఈ కలయిక కనబడలేదు. బడి కట్టుదునని ఓవెన్ అనగా, తాము నూలు వర్తకులమే గాని బడిపంతులము కామని వారి అభ్యంతరము. 1809లో క్రొత్త భాగస్వాములతో కలసి 84,000 పౌండ్లకు మిల్లులను మరల కొనెను. వారును కొంతకాలమునకు అదే పాట పాడి, 1813 చివర గ్లాస్గోలో మిల్లులను వేలమునకు పెట్టించిరి. ఓవెన్ వలన మిల్లు చెడిపోయినదని ప్రచారము చేసి చౌకగ తామే దక్కించుకొనవలెనని వారి ఆలోచన. ఈలోగా ఓవెన్ లండనుకు పోయి, మానవుని శీలము అతని పరిసరముల వలననే ఏర్పడునను తన సిద్ధాంతమును ప్రచురించి, మరికొందరు భాగస్వాములను కూర్చుకొనెను. వారిలో విలియం ఆలెన్ మొదలగు క్వేకరు మతస్థులును, స్వప్రయోజనమును శాస్త్రముగ విమర్శించిన జెరెమీ బెంథామ్ పండితుడును ఉండిరి. ఒప్పందము సరళము: పెట్టుబడిపై నూటికి అయిదు మాత్రము వాటాదారులకు, అంతకు మించినది గ్రామస్థుల విద్యకును మేలునకును. వేలమున ఓవెన్ పక్షము నూరేసి పౌండ్లు పెంచుచు పాడి, 1,14,100 పౌండ్లకు మిల్లులను దక్కించుకొనెను. మిల్లు చెడిపోయినదన్న వారే దాదాపు అంత ధర వరకు పాడిరి. 60,000 నుండి 1,14,100 వరకు పెరిగిన ఆ ధరయే అతని పద్ధతికి సాక్ష్యము. ఓవెన్ తిరిగి వచ్చిన దినమున జనులు బండి గుర్రములను విప్పి తామే లాగికొని పోయిరి.

1816 జనవరి 1వ తేదీన శీలనిర్మాణశాల అను పేర విద్యాలయము తెరువబడెను. నడక నేర్చిన పసివారికి ఆటలబడి బ్రిటనులో అదియే మొదటిది. ఆ బడిలో దండనము లేదు, బహుమతులును లేవు. గోడలపై జంతువుల బొమ్మలు, దేశపటములు వ్రేలాడుచుండెను. పాటయు నృత్యమును పాఠములే. మిల్లు పని దినమునకు పదిముప్పావు గంటలకు తగ్గెను. ఆ గ్రామమును చూడ పదేండ్లలో సుమారు ఇరువదివేల మంది వచ్చిరి. తరువాత రష్యా చక్రవర్తి అయిన నికొలస్ వారిలో ఒకడు.

ఒక మిల్లులో జరిగినది దేశమంతట జరుగవలెనని ఓవెన్ తలచెను. 1815లో గ్లాస్గోలో మిల్లు యజమానుల సభను కూర్చి రెండు తీర్మానములు ప్రతిపాదించెను. పత్తి దిగుమతిపై సుంకమును ఎత్తివేయుమని ప్రభుత్వమును కోరుట మొదటిది. సభ దానిని ఏకగ్రీవముగ హర్షించెను. మిల్లులలోని పిల్లల పనిగంటలను తగ్గింపుమని శాసనము కోరుట రెండవది. దానిని బలపరచుటకు ఒక్కడైనను లేవలేదు. ఆ సభలోని వారందరు దుర్మార్గులని చెప్పజాలము. తానొక్కడు పిల్లలను ఇంటికి పంపినచో పొరుగు మిల్లువాడు చౌకగ అమ్మి తనను ముంచునని ప్రతివానికిని భయము. అందరికిని ఒకే కట్టుబాటున్నచో ఆ భయము తీరును. పోటీ బజారునకు శాసనము ఏల కావలయునో ఆనాటి మౌనము తెలిపినంతగ ఏ గ్రంథమును తెలుపదు. సర్ రాబర్ట్ పీల్ చొరవతో 1819లో శాసనము వచ్చెను. తొమ్మిదేండ్లలోపు వారికి నూలుమిల్లులలో పని కూడదనియు, పదునారేండ్లలోపు వారికి పండ్రెండు గంటలకు మించరాదనియు దాని సారము. తనిఖీదారులు లేనందున అది చాలవరకు కాగితముననే నిలిచెను. ఓవెన్ మిక్కిలి నిరాశ చెందెను.

నెపోలియను యుద్ధములు ముగిసిన పిదప బ్రిటనున పని దొరకక జనులు అల్లాడిరి. భూమిని, యంత్రములను ఉమ్మడిగ ఉంచుకొని సుమారు పండ్రెండువందల మంది కలసి జీవించు సహకార గ్రామములే మందని ఓవెన్ 1817 నుండి ప్రచారము చేసెను. అదే ఏట లండను సభలో మతములన్నిటిని ఖండించి, అంతవరకు ఆదరించిన ప్రముఖులను పోగొట్టుకొనెను. 1819లో అతని పథకమును పరిశీలించిన సంఘమున రికార్డో అను అర్థశాస్త్రజ్ఞుడుండెను. స్వలాభమును బట్టి గాక సంఘలాభమును బట్టి మనుష్యులు నిత్యము కష్టపడుదురనుట నమ్మదగినది కాదని అతడు పార్లమెంటులో స్పష్టపరచెను. ఆ సందేహమునకు సమాధానము అమెరికాలో దొరికెను.

ఇండియానా రాష్ట్రమున వాబాష్ నది ఒడ్డున జార్జి రాప్ అను జర్మను మతాచార్యుని అనుచరులు కట్టుకొన్న గ్రామము అమ్మకమునకు వచ్చెను. 1825 మొదట ఓవెన్ దానిని సుమారు ఇరువదివేల ఎకరముల భూమితో కొని న్యూ హార్మొనీ అని పేరిడెను. అమెరికా అధ్యక్షుల సమక్షమున ఉపన్యసించి, కోరినవారందరిని ఆహ్వానించెను. కొలది నెలలలో ఎనిమిదివందల మందికి పైగ వచ్చిరి. వారిలో విద్వాంసులు, ఆదర్శవాదులు, కష్టజీవులు, కష్టమనిన గిట్టనివారు అందరును ఉండిరి. దుక్కి దున్నువారు, కుండలు చేయువారు, అద్దకము తెలిసినవారు మాత్రము చాలలేదు. యంత్రములు ఉండియు నడపువారు లేరు. 1826 ఫిబ్రవరిలో పూర్ణసమత్వము ప్రకటింపబడెను. ఎవరేమి పని చేసినను భుక్తి అందరికి ఒక్కటే. అప్పటినుండి పనిచేయువాడు పనిచేయనివానిని చూచి అలిగెను. కట్టుబాట్లు పలుమార్లు మార్చిరి, సంఘము ముక్కలయ్యెను. 1827లో ఓవెన్ దానిని విడిచెను. అతని ఆస్తిలో అయిదింట నాలుగు పాళ్ళు అచ్చటనే కరగిపోయెనని అంచనా. న్యూ లానార్క్‌లో నాలుగు రంగుల కొయ్యతో ప్రతివాని పనిని లెక్కించిన మనుష్యుడే, న్యూ హార్మొనీలో లెక్కయే అక్కరలేదని నమ్మెను. మిల్లుకు భాగస్వాములు, బజారు, పత్తిధర అను కళ్ళెములు ఉండెడివి. ఇచ్చట అతని సంచి తప్ప వేరు ఆధారము లేకపోయెను. విద్వాంసుల వలన ఆ గ్రామము శాస్త్రవిద్యకు ప్రసిద్ధమయ్యెను. అతని కుమారులు అమెరికాలోనే స్థిరపడిరి.

న్యూ లానార్క్‌లో ఆలెన్ మొదలగు వారితో మతబోధ విషయమునను, నృత్యము విషయమునను తగవులు ముదిరెను. మోకాళ్ళు కనబడు స్కాట్లండు లంగా మగపిల్లలకు తగదనుట కూడ ఆ తగవులలో ఒకటి! 1828లో ఓవెన్ తన వాటాను వదలుకొనెను.

1832లో లండనున శ్రమవినిమయశాల తెరచెను. చెప్పులు కుట్టువాడు తన జోడు తెచ్చి ఇచ్చినచో, ముడిసరకు వెలను, పట్టిన గంటలను లెక్కగట్టి శ్రమపత్రము ఇత్తురు. ఆ పత్రముతో అంత శ్రమ పట్టిన మరియొక వస్తువును కొనవచ్చును. గంటకు ఆరు పెన్నీల లెక్క. దళారి లేడు, వడ్డీ లేదు. తొలుత జనులు విరగబడి వచ్చిరి. కాని గంటల లెక్కకు కొనువాని అవసరము తెలియదు. బజారు ధరకంటె చౌకగ పడిన సరకులను బయటి వర్తకులు ఏరుకొని పోయిరి. ఎవరికిని అక్కరలేనివి అరలలో పేరుకొనెను. దర్జీలు పెక్కురు, ధాన్యము తెచ్చువారు అల్పము. 1834లో అది మూతబడెను. అదే కాలమున అఖిల కార్మికసంఘమునకు నాయకుడై కొలది నెలలలో దాని పతనమును కూడ చూచెను.

అతని బోధను విన్న నేతగాండ్రు కొందరు ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున నుండిరి. వారు అతని వలె జగత్తును ఒక్కసారిగ మార్చ తలపెట్టలేదు. 28 మంది తలకొక పౌండు చొప్పున, వారమునకు కొన్ని పెన్నీలుగ కూడబెట్టి, 1844 డిసెంబరు 21వ తేదీ సాయంకాలమున టోడ్ లేన్ అను సందులో వెన్న, పంచదార, పిండి అమ్ము దుకాణము తెరచిరి. కల్తీ లేదు, తూకములో మోసము లేదు, అరువు లేదు. సరకును ఓవెన్ వలె కొన్న ధరపై స్వల్పముగ చేర్చి అమ్మక, బజారు ధరకే అమ్మిరి. పెట్టుబడికి పరిమితమైన వడ్డీ పోగా మిగిలిన లాభమును ఎవరెంత సరకు కొనిరో ఆ పాటిని బట్టి వారికే తిరిగి పంచిరి. ఎక్కువ కొన్నవానికి ఎక్కువ వచ్చును, కాని వోటు మాత్రము మనిషికి ఒక్కటే. పొదుపు చేయుట తనకే లాభమని పేద ఇల్లాలికి తెలియుటకు ఉపన్యాసము అక్కరలేకపోయెను. దుకాణములు పెట్టుట తన ఆశయము కాదని ఓవెన్ వానిని తేలికగ చూచెడివాడు. న్యూ లానార్క్ దుకాణమును నడపినవాడే ఇట్లు తలచుట విచిత్రము. ఆ చిన్న దుకాణపు నియమములే లోకమంతట వ్యాపించెను. 1904లో మద్రాసు ట్రిప్లికేనులో వెలసిన సహకార భాండాగారమునకు కూడ మాదిరి అదియే.

ఓవెన్ అటుపై ఇంగ్లండున మరియొక ఉమ్మడి గ్రామమును పెట్టి 1845 నాటికి దానిని కూడ పోగొట్టుకొనెను. అయినను సభలు, పత్రికలు, పర్యటనములు మానలేదు. వార్ధక్యమున ప్రేతాత్మలతో సంభాషణలు జరుపుచున్నానని నమ్మి, మిత్రులకు నవ్వు తెప్పించెను. 1858 అక్టోబరులో, 87 ఏండ్ల వయస్సున, నడువలేని స్థితిలో లివర్‌పూల్ నగరమున జరిగిన సంఘశాస్త్రసభకు పోయెను. వేదికపైకి మోసికొని వచ్చిరి. కొన్ని వాక్యములు పలికి స్పృహ తప్పెను. కొంత తేరుకొనిన పిదప తనను న్యూటౌన్‌నకు తీసికొని పొమ్మని కోరెను. పదియేండ్ల ప్రాయమున విడిచిన ఆ ఊరిలో, ఒక సత్రమున, నవంబరు 17వ తేదీన కన్ను మూసెను. పాత చర్చి ఆవరణమున తల్లిదండ్రుల సమాధి చెంతనే అతనిని పూడ్చిరి. ఆ సమాధిచుట్టు ఇనుప కటకటాలు లేవు. 1902లో సహకార సంఘములవారు చందాలు వేసికొని వానిని పెట్టించిరి.